మచ్చల పువ్వు చెప్పిన ఊరు

పోయిన వారం మనం లియోనిలా దగ్గర్నుంచి లేచి వచ్చేటప్పటికి ఆమె పెరట్లో ఆ మొక్క ముందు నీళ్ల మగ్గు పట్టుకుని నిలబడి ఉంది. ఏడేళ్ల కిందట భర్త అన్సెల్మో బొటనవేలంత పిలకను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "తయాబాస్ అడివిలోది, మన కొండ తీగ్రే," అన్నాడు. ఆకుల మీద పులిచారల్లాంటి వెండి పట్టీలుంటాయి కాబట్టి వాళ్లుండే చెప్పుల ఊరు లిలీవ్‌లో ఆ ఆర్కిడ్‌ని అందరూ తీగ్రే అనే పిలుస్తారు. పూసిందంటే లేత గులాబీ రంగు. అన్సెల్మో గుండె ఆగి చనిపోయి రెండేళ్లయింది. ఈ ఫిబ్రవరిలో మొక్క మొదటిసారి పూసింది. గులాబీ కాదు, తెలుపు. కింది రెండు రేకుల మీద సగం మేర ఎర్రమట్టి చిలికినట్టు మచ్చలు. బడిలో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ వచ్చి చూసి, ఇది మన కొండలది కాదు, అసలు మన దీవిదే కాదు, దక్షిణాన సురిగావో వైపు తప్ప ఇంకెక్కడా పుట్టదు అని చెప్పి వెళ్లిపోయింది. తన చెప్పుల లారీ నాగా దాటి ఏనాడూ దక్షిణానికి పోలేదని పద్నాలుగేళ్లు చెప్పిన మనిషి ఆ మొక్కని ఎక్కణ్ణుంచి తెచ్చాడు?

ఆ ప్రశ్నతో ఆమెకు ఆరు రోజులు గడిచాయి. ఆరు రోజులూ చెప్పులు కుట్టింది. వారానికి అరవై జతల పైతోళ్లు కుట్టి దుకాణానికి ఇవ్వాలి. ఈ వారం కూడా ఇచ్చింది. కుట్లు వంకరపోలేదు. అన్నం మాత్రం సరిగా తినలేదు.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే పీపాలో పట్టి ఉంచిన కొండనీళ్లతో మొక్కలు తడిపింది. నలభైకి పైగా ఉన్నాయి. కొన్ని కొబ్బరి పీచు మీద, కొన్ని ఎండు కొమ్మల మీద, మరికొన్ని పెరటి కంచెకు నాటిన కకావతే చెట్టు మొద్దుల మీద. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లిపోతుంది కాబట్టి అన్నింటినీ మొవ్వు కిందికి వాలేలా ఏటవాలుగా కట్టింది. నీళ్లు తగలగానే వెండి రంగు వేళ్లు పచ్చబడతాయి. ఆ రంగు మారడం చూస్తూ అన్సెల్మో కాఫీ తాగేవాడు. ఇప్పుడు ఆమె ఒక్కతే చూస్తుంది. చూసినట్టు ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండేళ్లుగా కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె గొంతు ఆమెకే వినపడదు.

సురిగావో మొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆరు చలికాలాలు అది పూయలేదు. చూరు కింద నీడ ఎక్కువైందేమోనని నిరుడు తీసి తూర్పువైపు కట్టింది. డిసెంబరులో ఆకు కిందనుంచి ఏదో పొడుచుకొస్తే మరో వేరేమో అనుకుంది. వేరుకి మొన నున్నగా మెరుస్తుంది. దీని మొన ముడుచుకున్న పిడికిలిలా ఉంది. పూలకాడ అని తెలిసిన రోజు ఆమె ఇంట్లోకి వెళ్లి అన్సెల్మో ఫోటోకి చెప్పింది కూడా. ఇప్పుడు దానికి ఇరవైమూడు పూలు. ఆ ఫోటో ఆరు రోజులుగా గోడవైపు తిరిగి ఉంది.

చర్చి వదిలిన గంట వినిపించిన కాసేపటికి గేటు చప్పుడైంది. దోరో. అన్సెల్మోతో పద్నాలుగేళ్లు ఒకే లారీలో తిరిగిన రెండో డ్రైవరు. అరవై దాటినా ఇంకా అదే లారీ నడుపుతున్నాడు.

"కాఫీ ఏమైనా దొరుకుతుందా నిలా, గుమ్మంలోనే తిట్టి పంపించేస్తావా?"

"కబురంపి ఆరు రోజులైంది కూయా," అంది లియోనిలా. తనకంటే పెద్దవాణ్ణి అన్నయ్యలా కూయా అనడం అక్కడి అలవాటు. "సురిగావో నుంచి లారీ కూడా ఇంతకంటే తొందరగా వస్తుందేమో."

దోరో నవ్వబోయి ఆగిపోయాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె కాఫీ మాట ఎత్తకుండా అతన్ని పెరట్లోకి తీసుకెళ్లి మొక్క ముందు నిలబెట్టింది.

"ఇదేమిటి?"

"పువ్వు."

"అది నాకూ కనిపిస్తోంది. ఏ ఊరిది?"

దోరో బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "ఇన్ని పూస్తుందని వాడు అనుకోలేదు," అన్నాడు పూలకేసి చూస్తూ.

అంతదాకా టీచరమ్మ పొరబడి ఉండొచ్చనే చిన్న ఆశ లియోనిలాకి ఎక్కడో ఉండేది.

"ఎవరామె?"

"ఎవరు?"

"నాతో ఆటలొద్దు కూయా. అడివిలో పీకిన మొక్కలూ చూశాను, ఇంట్లో పెరిగిన మొక్కలూ చూశాను. ఆ పిలక తల్లి వేరు మీద మొలిచింది. దాన్ని బ్లేడుతో శుభ్రంగా కోశారు. కొబ్బరి పీచుని పసరు పోయేదాకా కడిగి, దాని మీద పెట్టి, పాత మేజోడు చీలికతో కట్టారు. దారమైతే వేరు తెగుతుందని తెలిసిన మనిషి కట్టిన కట్టు. అడివికి ఆడవాళ్ల మేజోళ్లు ఎవరు తొడుక్కెళ్తారు? ఆ రోజే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. మొగుడు మొక్క తెచ్చాడని ఊరంతా చూపించుకు తిరిగాను." ఆమె గొంతు పెంచలేదు. "ఎవరామె? పిల్లలున్నారా?"

దోరో టోపీని చేతుల్లో తిప్పుతూ నేలకేసి చూశాడు. "ఇద్దరు."

లియోనిలా పక్కనున్న మొద్దుని పట్టుకుంది. తనకు పిల్లల్లేరు. పెళ్లయిన ఏడో ఏట డాక్టరు ఇక ఆశ వదులుకోమన్నాడు. ఆ రాత్రంతా అన్సెల్మో తన తల నిమురుతూనే ఉన్నాడు.

"పెద్దవాడు మన అన్సెల్మోనే," అన్నాడు దోరో. "రెండోది పెర్లా."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. పక్కింట్లో ఎవరో కొబ్బరి కోరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆయనకి అమ్మ లేదు," అంది లియోనిలా నెమ్మదిగా. "చిన్నప్పుడే పోయింది. లుసేనాలో పాదిరీ పెంచాడు."

"అలా చెప్పాడు."

"పెళ్లిలో పెళ్లికొడుకు తల్లి కూర్చునే చోట ఎవరూ లేరని నేనే అక్కడ పూలు పెట్టాను కూయా. ఏటా నవంబర్లో పోయినవాళ్లకి కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు మా అమ్మకొకటి, నాన్నకొకటి, ఆవిడకొకటి. ఇరవై నాలుగేళ్లు వెలిగించాను. ఆయన పక్కనే నిలబడేవాడు. గాలికి ఆరిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. బతికున్న మనిషికి కొవ్వొత్తి వెలిగిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు."

"పెట్టి ఉంటాడు," అన్నాడు దోరో. "ఏం చెయ్యమంటావు. వాడికి ఆవిడ పేరు మీద ఏదైనా చెయ్యాలని ఉండేది. ఏం చెయ్యాలో తెలిసేది కాదు."

తర్వాత అతను చెప్పింది ఇది.

అన్సెల్మోది సురిగావో పక్కన సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి ముందే పోయాడు. పందొమ్మిదేళ్ల వయసులో ఒక పొద్దున అతను తొమ్మిదేళ్ల చెల్లెలు పెర్లాని పడవలో ఎక్కించుకుని ఎదుటి దీవికి బయల్దేరాడు. ఎండుచేపల బుట్టలు దింపి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. దారి మధ్యలో పడవలోకి నీళ్లొచ్చాయి. పగడపు దిబ్బకి కొట్టించానని అన్సెల్మో నమ్మకం. అలలు పెద్దవి. అతను ఈదాడు. చెల్లెలి చెయ్యి పట్టుకునే ఈదాడు. ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు. ఒడ్డుకి ఒక్కడే వచ్చాడు. తల్లి ఊరందరి ముందూ అతని మొహంలోకి చూసి, ఇవాళ నా పిల్లలిద్దరూ మునిగిపోయారు అంది. అంతే. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. మూడు రోజులు గుమ్మం బయట కూర్చుని, నాలుగో రోజు అతను లేచి ఉత్తరానికి వచ్చేశాడు.

"'నాకు తల్లి లేదని చెప్పింది అబద్ధం కాదు దోరో, పిల్లలిద్దరూ పోయారని ఆవిడే అంది కదా' అనేవాడు," అన్నాడు దోరో. "లారీ సురిగావో దాకా పోతుందని తెలిసినప్పుడు వణికిపోయాడు. నీకు మాత్రం నాగా అని చెప్పమన్నాడు. సురిగావో అంటే నువ్వు ఏదో ఒకటి అడుగుతావు, అడిగితే అన్నీ చెప్పాల్సొస్తుందని. నా చేత ఒట్టేయించుకున్నాడు."

"అయితే ఇంటికెళ్లాడా?"

"కంచె దాకా. వెళ్లినప్పుడల్లా. నేను లారీలోనే ఉండేవాణ్ణి. కంచె బయట గంటసేపు నిలబడేవాడు. ఆవిడ లోపల మొక్కలు తడుపుకుంటూ ఉండేది. చూసేది కాదు. చూడకుండా ఎలా ఉందో గానీ చూసేది కాదు. వచ్చేటప్పుడు ఒక చెప్పుల జత కంచె మీద పెట్టి వచ్చేవాడు."

లియోనిలా తలెత్తింది. ఏటా క్రిస్మస్ ముందు అన్సెల్మో ఒక చిన్న జత అడిగేవాడు. అయిదో నంబరు, పాదం సన్నం, వేళ్ల దగ్గర మెత్తగా ఉండాలి. నాగాలో ఒక ముసలావిడ మంచి బేరం అనేవాడు. ఆమె తోలు ఏరి, లోపల రెండో వరస కుట్టు వేసి ఇచ్చేది.

"తొడుక్కునేదా?" అని అడిగింది.

"మళ్లీ ఏడు వెళ్లేసరికి ఆవిడ కాళ్లకి అవే ఉండేవి. మాట మాత్రం లేదు. తొమ్మిదో ఏట ఒకరోజు కంచె మీద ఆ పిలక వేలాడుతోంది. ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకుంది. వాడు దాన్ని తీసుకుని లారీ ఎక్కి, ఆ కొబ్బరి పీచుని ఒళ్లో పెట్టుకుని ఓడ రేవు దాకా ఏడ్చాడు. నేను నడిపాను."

పొడి గాలి వీచి పూలకాడ ఊగింది. తెల్లటి రెక్కలన్నీ ఒక్కసారి కదిలి మళ్లీ నిలబడ్డాయి.

తనకు సవతి ఉందేమోనని ఆరు రోజులు కుమిలిపోయింది లియోనిలా. లేదని తెలిశాక తేలికపడాలి. తేలిక కాలేదు. ఇరవై నాలుగేళ్లు ఒకే దిండు మీద పడుకున్న మనిషి, నిద్రలో ఉలిక్కిపడి లేచి కూర్చుంటే కల వచ్చిందా అని అడిగేది. లేదు, దాహం అనేవాడు. నీళ్లు తెచ్చి ఇచ్చేది. ఎన్ని వందల గ్లాసులు తెచ్చిందో. ఒక్కసారైనా గ్లాసు పక్కన పెట్టి చెప్పి ఉంటే తనూ ఆ కంచె దగ్గర నిలబడేది కదా. తను ఇప్పుడు ఒంటరిది అనుకుంటోంది ఊరు. ఆయన ఉన్నప్పుడు కూడా ఆ ఇంట్లో ఇద్దరూ చెరో ఒంటరివాళ్లేనని ఎవరికి చెప్పాలి?

"ఆవిడకి తెలుసా?" అంది. "ఆయన పోయినట్టు."

దోరో బకెట్టు మీంచి లేచాడు.

"కూయా."

"చెప్పలేకపోయాను. పోయిన మొదటి ఏడు చెబుదామనే వెళ్లాను. కంచె మీద ఇంకో పిలక కట్టి ఉంది. అది చూశాక నోరు రాలేదు. చెప్పుల జత పెట్టి, మొక్క తీసుకుని వచ్చేశాను. నీ దగ్గర కుట్టించుకోలేను కదా, బజార్లో కొన్నాను. రెండో ఏడూ అంతే. రెండు మొక్కలూ మా ఇంట్లోనే ఉన్నాయి. నాకేం తెలుసు పెంచడం, ఒకటి సగం ఎండింది."

"అంటే ఆవిడ కొడుకే తీసుకెళ్తున్నాడనుకుంటోంది."

"పోయిన నెల వెళ్లినప్పుడు ఆవిడ కంచె దాకా వచ్చింది నిలా. పద్నాలుగేళ్లూ, ఆ పైన రెండేళ్లూ చూశాను, మొదటిసారి. ఏ ఊరు అని అడిగింది. నేను లిలీవ్ అన్నాను. ఫోన్ నంబరు అడిగితే నాదిచ్చాను."

లియోనిలా అతని మొహంలోకి చూసింది. ఆరు రోజులు పిలిస్తే రానివాడు ఇవాళ చర్చి దుస్తుల్లో, గెడ్డం గీసుకుని, తనంతట తానే ఎందుకొచ్చాడు?

"ఇవాళ నా కబురందుకుని రాలేదు మీరు."

"లేదు," అన్నాడు దోరో. జేబులోంచి ఫోన్ తీసి ఆమెకిచ్చాడు. వాళ్ల పల్లెలో ఎవరో అమ్మాయి పంపిన మెసేజ్. శుక్రవారం సాయంత్రం అవ్వని బస్సెక్కించాం. ఆదివారం మూడింటికి కలాంబాలో దిగుతుంది. ఎవరైనా రండి. అవ్వకి మీ భాష రాదు.

లియోనిలా ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. "ఎనభై ఏళ్ల మనిషిని రప్పించి, ఇప్పుడు నా దగ్గరికొచ్చారా?"

"నేను రప్పించలేదు."

"చెప్పకుండా దాచింది ఎవరు? మీరు ఒట్టేశారు, ఆయన ఒట్టేయించుకున్నాడు, ఇద్దరూ హాయిగా ఉన్నారు. చెప్పాల్సింది మాత్రం నేను."

"తిట్టు. తిట్టడానికైనా లారీ ఎక్కు. గంటన్నర దారి."

ఆమె మొగుడు పోయాక చర్చికి తొడుక్కునే నల్ల గౌను తీసి, మళ్లీ లోపల పెట్టేసి, నీలం గౌను తొడుక్కుంది. నల్లది చూడగానే ముసలావిడకి తెలిసిపోతుందని. ఆయన పోయినప్పటి నుంచి తను ఎప్పుడూ కూర్చోని సీటులో, అన్సెల్మో కూర్చునే వైపు కూర్చుంది. కొబ్బరితోటలు దాటాక అడిగింది.

"వాళ్ల భాషలో పోయాడు అనడానికి ఏమంటారు?"

"పతాయ్."

"అది మన మాటే."

"ఆ ఒక్క మాటా రెండు చోట్లా ఒకటే," అన్నాడు దోరో. "నువ్వు అంటే చాలు."

బస్సు మూడుంబావుకి వచ్చింది. జనం మూటలతో, కోళ్లబుట్టలతో దిగారు. అందరికంటే చివర డ్రైవరు చెయ్యి పట్టుకుని ఒక సన్నటి ముసలావిడ దిగింది. జుట్టు బిగించి ముడేసుకుంది. చేతిలో గుడ్డసంచి తప్ప ఏమీ లేదు. కిందికి దిగాక ఆమె జనంలో ఎవరి కోసమూ వెతకలేదు. దోరోని చూసింది, అతని పక్కనున్న లియోనిలాని చూసింది, నేరుగా నడిచి వచ్చింది. అన్సెల్మో నడిచేటప్పుడు కుడి భుజం కాస్త ముందుకి వచ్చేది. ఈవిడదీ అదే నడక.

లియోనిలా దారంతా కూడగట్టుకున్న ఆ ఒక్క మాటని గొంతులోకి తెచ్చుకుంది. అనేలోపే ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుని ఏదో చెప్పింది. అందులో దోదోంగ్ అనే పిలుపు ఒక్కటే లియోనిలాకి తెలిసింది. దక్షిణాన కొడుకుల్ని అలా పిలుస్తారు.

"ఏమంటోంది?"

ఇన్నేళ్ల రాకపోకల్లో ఆ భాష వంటబట్టిన దోరో టోపీ మళ్లీ తీసేశాడు. "తెలుసు అంటోంది. రెండేళ్లుగా కంచె దగ్గర ఎవరూ నిలబడలేదట. చెప్పులు పెట్టి పారిపోయేవాడు నా దోదోంగ్ కాదు అంటోంది."

లియోనిలాకి ఏడుపు వచ్చింది. మీదపడి ఏడవలేదు. అక్కడే, బస్టాండు బల్ల మీద, ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చింది. ముసలావిడ ఏడవలేదు. లియోనిలా వేళ్లు తిప్పి, సూది గుచ్చుకుని కాయలు కాసిన చోట తడిమి, తలూపింది. రెండేళ్లుగా ఆ చావు లియోనిలా ఒక్కదానిదే. ఇప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఇంకో చెయ్యి దొరికింది. ఆవిడని ఇంటికి తీసుకెళ్లాలి, పెరట్లో పూసిన ఇరవైమూడు పూలు చూపించాలి, వెనక గది తుడిపించాలి అని మనసు అప్పుడే పనులు పెట్టుకుంది.

అప్పుడు ముసలావిడ మళ్లీ మాట్లాడింది. ఈసారి చాలాసేపు మాట్లాడింది. నేలకేసి చూస్తూ, తొందర లేకుండా, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్ని వరసగా పైకి తీస్తున్నట్టు. దోరో మొహం వింటున్నకొద్దీ పాలిపోయింది.

"చెప్పండి కూయా."

"ఇంటికెళ్లాక చెబుతాను."

"మీ దాపరికాలు ఇక చాలు. ఇక్కడే చెప్పండి."

దోరో పెదాలు తడుపుకున్నాడు. "పడవ దిబ్బకి తగల్లేదట. ముందు రోజు సాయంత్రమే అడుగు చెక్క పగిలింది. తనే చూసిందట. గుడ్డపేలికలు కుక్కి, జిగురు పూసింది. చేపలు పాడవుతాయని, ఒక్క పూటకి ఆగుతుందిలే అనుకుంది. పొద్దున పిల్లలు బయల్దేరుతుంటే చెప్పలేదు. వాడు ఒక్కడే తిరిగొచ్చినప్పుడూ చెప్పలేదు. ఊరంతా వాణ్ణి అంటుంటే ఊరుకుంది. కోపంతో కాదు, వాడి మొహం చూడలేకే మాట్లాడలేదట. నలభై ఏళ్లలో ఇవాళే మొదటిసారి, నీకే చెబుతోంది."

నిద్రలో ఉలిక్కిపడి లేచే మనిషి, దాహం అనే అబద్ధం, గాలికి అడ్డం పెట్టిన చెయ్యి అన్నీ ఒక్కసారి లియోనిలా కళ్ల ముందుకొచ్చాయి. దిబ్బకి కొట్టించానని నమ్ముతూనే ఆయన మట్టిలోకి పోయాడు.

ఆమె తన చేతిని వెనక్కి తీసుకుంది.

ముసలావిడ దాన్ని మళ్లీ పట్టుకోవడానికి ప్రయత్నించలేదు. ఖాళీ అరచెయ్యి బల్ల మీద అలాగే తెరిచి ఉంచి, ఎదురు చూసింది. అవతల వరసలో దక్షిణానికి పోయే బస్సు ఇంజను మొదలైంది. కండక్టరు ఊళ్ల పేర్లు అరుస్తున్నాడు. నాగా, మత్నోగ్, సురిగావో.

"ఏం చేద్దాం నిలా?" అన్నాడు దోరో గొంతు తగ్గించి. "ఇంటికి తీసుకెళ్దామా? ఆ బస్సులో సీటు ఉందేమో అడగనా?"

లియోనిలా బల్ల మీంచి లేచి నిలబడింది.